కరెంటు బిల్లూ, తిప్పి పంపిన కాగితమూ

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం 1966లో మొదలైంది. దాని పొగగొట్టాలు కనిపించేంత దూరంలో, భద్రాచలం అడవి దారిన ఉన్న ఒక కళాశాలలో నేను గుమాస్తాను. కరెంటు బిల్లు నా చేతిమీదుగానే పోయేది.

ఆనాటి 40 వాట్ల ట్యూబులైటు, చోకుతో కలిపి 50 వాట్లు తినేది. ఎలక్ట్రానిక్ చోకులు వేయిద్దామని లెక్చరరుగారొకరు కాగితం పెట్టారు. "పద్దు లేదు" అని రాసి తిప్పి పంపింది నేనే. బిల్లుది ఒక పద్దు, సామాను కొనేది మరో పద్దు. ఒకదాంట్లో మిగిలింది రెండోదానికి వాడరాదు. ఆ రాత నాకిప్పటికీ ముల్లే.

2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2015లో ఉజాలా పథకంతో ఎల్‌ఇడి బల్బులు చవకయ్యాయి. 20 వాట్ల ఎల్‌ఇడి ట్యూబు తరగతిలో ఏడాదికి 1200 గంటలు వెలిగితే 36 యూనిట్లు మిగులు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 252. ట్యూబుకు 300 పెట్టినా పద్నాలుగు నెలల్లో తిరిగొస్తుంది.

ఫ్యాను కథ వేరు. 75 వాట్ల పనిని 30 వాట్లతో చేసే కొత్తరకం ఫ్యానుకు 3000 పెడితే, తరగతి గదిలో ఎనిమిదేళ్లు ఆగాలి. అదే హాస్టల్లో, ఏడాదికి 3000 గంటలు తిరిగేచోట, మూడేళ్లు చాలు. ముందు హాస్టలుకే వేయాలంటాను.

పాల్వంచలో పాత యూనిట్ల కూలింగ్ టవర్లను 2024లో కూల్చేశారు. నేను తిప్పిన ఆ కాగితం మాత్రం ఏ బీరువాలోనో భద్రంగానే ఉండి ఉంటుంది.