కూరలో ఉప్పు ఎక్కువైందా? ఆలుగడ్డ ఒక్కటే వేస్తే సరిపోదు.. పసుపు, కారం ఎక్కువైతే ఏం చేయాలంటే..

చుట్టాలు వాకిట్లో చెప్పులు విప్పుతుంటారు. ఇక్కడ కూర రుచి చూస్తే నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు! ఇలాంటప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చే చిట్కా ఆలుగడ్డ. ముక్కలు కోసి వేసి, పది నిమిషాలు ఉడికించి తీసేస్తే ఉప్పు లాగేస్తుందని చెబుతుంటారు. కానీ ఆలుగడ్డ ఉప్పును ఒక్కదాన్నే ఏరి తీసుకోదు. పులుసును పీల్చుకుంటుంది, అందులో ఉన్న ఉప్పు కూడా దాంతో పాటే వెళ్తుంది. మిగిలిన పులుసు దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది. అందుకే ఆ ముక్కలు తీసి పడేయొద్దు. కూరలోనే ఉంచితే కూర ఎక్కువై, ఒక్కొక్కరి కంచంలోకి వచ్చే ఉప్పు తగ్గుతుంది.

అసలు కిటుకు ఇదే. పడ్డ ఉప్పు ఎటూ పోదు, దాన్ని ఎక్కువ కూరకు పంచాలి. పప్పుచారైతే ఉప్పు లేకుండా ఉడికించిన కందిపప్పు కలపండి. వేపుడైతే ఇంకొన్ని కూరగాయ ముక్కలు చప్పిడిగా వేయించి కలపండి, లేదంటే పల్లీల పొడి, పచ్చికొబ్బరి చల్లండి. నిమ్మరసం, చక్కెర, బెల్లం వేస్తే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది కానీ అది నాలుకను ఏమార్చడమే. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఈ విషయం అస్సలు మరవొద్దు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే చిన్న టీస్పూన్ కూడా నిండదు. కూర అలా చెడిపోయిన రోజు వాళ్లకు పెరుగన్నం పెట్టేయడమే మేలు.

ఇక నిజామాబాద్ జిల్లాలో వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ వైపు వెళ్తే పసుపు సంగతి వస్తుంది. అక్కడ పసుపు పెద్ద పంట. సొంత చేనులో తవ్విన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి పట్టించుకుంటే ఆ ఘాటే వేరు. ఎప్పుడో కొన్న ప్యాకెట్ పొడికి అలవాటైన చేయి కొత్త పసుపును కూడా అంతే వేస్తే కూర చేదెక్కుతుంది. ముందు సగమే వేసి చూడాలి. ఒకవేళ ఎక్కువ పడితే, నీళ్లు పోసి ఊరుకుంటే పెద్దగా లాభం ఉండదు. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి కొబ్బరి పాలు, పల్లీల ముద్ద, నువ్వుల ముద్ద లాంటివి కలపండి. పైకి తేలిన నూనెను గరిటెతో తీసేసినా కొంత చేదు దాంతో పోతుంది. కాస్త చింతపండు పులుసు పడితే మిగిలిన చేదు అంతగా తెలియదు.

కారం కూడా ఇలాంటిదే. అంకాపూర్ నాటుకోడి కూర తరహాలో ఇంట్లో వండుదామని కారం గట్టిగా దట్టిస్తే, పిల్లలు ఒక్క ముద్దకే నీళ్ల కోసం ఉరుకుతారు. నీళ్లతో మంట పోదు, పాలు, పెరుగు తగ్గిస్తాయి. పెరుగును బాగా చిలికి, స్టవ్ కట్టేశాక కలపండి. మరిగే కూరలో పోస్తే విరిగిపోతుంది, అప్పుడు రెండో తిప్పలు.

పుంటికూర పప్పు మరీ పుల్లగా వచ్చిందా? ఇంకొంచెం పప్పు ఉడికించి కలపండి. వంటసోడా వేస్తే పులుపు విరుగుతుంది నిజమే, కానీ రుచి సబ్బులా మారే ప్రమాదం ఉంది, ఆకుకూరలోని విటమిన్లు కూడా పోతాయి. జొన్నరొట్టె అంచులు పగులుతుంటే పిండిని తప్పుపట్టకండి. జొన్నలో గోధుమలా సాగే జిగురు ఉండదు. మరిగిన నీళ్లు చల్లి మళ్లీ పిసికితే చాలు.

అన్నం, కూర అడుగంటితే గరిటె పెట్టి కలపొద్దు, నీళ్లు పోయొద్దు. పైది మాత్రమే మెల్లగా వేరే గిన్నెలోకి తీయండి. మాడు వాసన పై దాకా వస్తే ఎంత మసాలా వేసినా దాగదు. అన్నం పలుకుగా ఉంటే వేడినీళ్లు చల్లి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచండి. ముద్దయితే పెరుగన్నం చేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రిస్క్ వద్దు. రాత్రంతా బయటే వదిలేసిన అన్నానికి పొద్దున పోపు పెట్టి పిల్లలకు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వేడి వాతావరణంలో అవి పెరిగి వదిలే విషం మళ్లీ వేయించినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. వాసన మామూలుగా ఉన్నా ఇలా జరగొచ్చు. వండిన రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట్లో రాత్రి తినేంతకే ఎసరు పెట్టుకోవాలి.