తిండిపోతు అనే మాట వెనక – ఒక హార్మోను చరిత్ర

మా తమ్ముడికి షుగర్ వ్యాధి వచ్చి 18 ఏళ్ళయింది. మనిషి చిన్నప్పట్నుంచీ భారీ. ఇన్నేళ్ళలో నేను వాడికిచ్చిన సలహాలన్నీ ఒక్క ముక్కలో చెప్పొచ్చు: "నోరు కట్టుకోరా." పెళ్ళిళ్ళలో, పండగల్లో, నలుగురి ముందూ అదే మాట. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. నేను రెండు ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కుని, అది నా నిగ్రహం అనుకునేవాణ్ణి.

కిందటేడాది డాక్టరు వాడికి వారానికొకసారి పొట్టమీద వేసుకునే ఇంజెక్షన్ రాశారు. కొన్ని నెలల తర్వాత మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. కంచంలో సగం అన్నం ఉండగానే వాడు చెయ్యి ఆపి అన్నాడు: "అన్నయ్యా, 'ఇక చాలు' అనిపించడం అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది. నువ్వు పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉన్నావా?"

నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

నేను వైద్యుణ్ణి కాను. కామర్సు చదివి, రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైన వాణ్ణి. వోచరు లేని ఖర్చును ఒప్పుకోకపోవడం నా ఉద్యోగం. ఆధారం లేని మాటను ఒప్పుకోకపోవడం నా హేతువాదం. కానీ "లావుగా ఉన్నవాడికి అదుపు లేదు" అన్న మాటకు నేను జన్మలో ఎప్పుడూ ఆధారం అడగలేదు.

ఆకలికి మన పెద్దలు చెప్పిన కారణం జఠరాగ్ని. కడుపులో నిప్పు ఉంటుంది, తిన్నదాన్ని అది దహిస్తుంది అన్నారు. భీముడికి వృకోదరుడని పేరు పెట్టారు, అంటే తోడేలు కడుపువాడని. ఇది కథ అని మనకు తెలుసు, నవ్వుకుంటాం. కానీ ఆ నిప్పును కొట్టేసి దాని చోట మనం పెట్టిందేమిటి? శీలం. ఎక్కువ తినేవాడు బలహీనుడు, తక్కువ తినేవాడు మహానుభావుడు. కర్మ సిద్ధాంతాన్ని ముందు గుమ్మంలోంచి తరిమేసి, పెరటి గుమ్మంలోంచి లోపలికి రానిచ్చామన్న మాట. ఒంటి బరువు మనిషి చేసుకున్న దానికి ఫలం అనడం ఇంకేమిటి?

ఇప్పుడు చరిత్ర చూద్దాం. ఈ కథ ఆకలి దగ్గర మొదలవలేదు. పేగుల దగ్గర మొదలైంది.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి కనిపెట్టారు. జీర్ణాశయం నుంచి ఆమ్లం చిన్నపేగులోకి రాగానే పేగు గోడ ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతుంది. అది క్లోమానికి చేరి, జీర్ణరసాన్ని విడుదల చేయిస్తుంది. నరాల ప్రమేయం లేకుండా, రక్తం ద్వారా ఒక అవయవం ఇంకో అవయవానికి కబురు పంపుతోందన్న మాట. ఇలాంటి రసాయనాలకు స్టార్లింగ్ 1905లో హార్మోను అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే లివర్‌పూల్‌లో మూర్, ఈడీ, ఏబ్రమ్ అనే ముగ్గురు, పేగు పొర నుంచి తీసిన సారాన్ని షుగర్ రోగులకు ఇచ్చి చూశారు. అప్పటికి ఇన్సులిన్ ఇంకా కనిపెట్టలేదు. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు గాని, ఆలోచన మాత్రం సరైనదే.

1921-22లో టొరాంటోలో ఇన్సులిన్ వచ్చింది. 1932లో బెల్జియం శాస్త్రజ్ఞుడు లా బార్, పేగు నుంచి వచ్చి ఇన్సులిన్‌ను పెంచే పదార్థానికి ఇంక్రెటిన్ అని పేరు పెట్టాడు. ఆ దశాబ్దం చివర్లో అమెరికాలో జరిగిన ప్రయోగాలు అలాంటిది ఉందనడం సందేహాస్పదమే అని తేల్చాయి. దాంతో ఆ విషయం పాతికేళ్ళపాటు మూలన పడింది. రక్తంలో అంత తక్కువ మోతాదులో ఉండే హార్మోనును కొలిచే సాధనం అప్పటికి లేదు. కొలవలేనిదాన్ని లేదని అనుకున్నారు.

కొలిచే సాధనం వచ్చింది న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అక్కడ రేడియోధార్మిక పదార్థాల సాయంతో రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతిని తయారుచేశారు. బెర్సన్ 1972లో చనిపోయాడు. యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఆసుపత్రిని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ కొలత చేతికి రాగానే 1964లో రెండు బృందాలు ఒకే సంగతి బయటపెట్టాయి. గ్లూకోజును నరంలోకి ఎక్కించినప్పటికంటే నోటి ద్వారా తాగించినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువ వస్తోంది. అంటే పేగు నిజంగానే క్లోమానికి కబురు పంపుతోంది. లా బార్ చెప్పింది నిజమే.

ఆ కబురు మోసే ముఖ్యమైన హార్మోనుల్లో ఒకదాని పేరు జి.ఎల్.పి.-1. 1980ల మొదట్లో గ్లూకగాన్ అనే మరో హార్మోను జన్యువును చదువుతుంటే దాని పక్కనే దాగి ఉన్నట్టు కనిపించింది. అందులో పనిచేసే ముక్క ఏదో తేల్చే పనిలో బోస్టన్‌లో జోయెల్ హేబెనర్, స్వెత్లానా మొయ్‌సోవ్, డేనియల్ డ్రకర్, కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హోల్స్ట్ పాలుపంచుకున్నారు. 1987కల్లా అది తేలిపోయింది. ఇన్సులిన్‌ను పెంచుతుంది, అదీ రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. 

ఇన్ని మంచి గుణాలున్నా మందుగా పనికిరాలేదు. శరీరంలోనే ఉన్న ఒక ఎంజైము దాన్ని చకచకా ముక్కలు చేసేస్తుంది. రెండు నిమిషాల్లో సగం మాయం!

ఇక్కడ మళ్ళీ బ్రాంక్స్ ఆసుపత్రి వస్తుంది. యాలో దగ్గర పనిచేసిన జాన్ ఎంగ్ అనే వైద్యుడు జంతువుల విషాల్లో కొత్త హార్మోనులు వెతుకుతున్నాడు. అమెరికా నైరుతి ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంటుంది. 1992లో దాని విషంలో అతనికి ఎక్సెండిన్-4 దొరికింది. అది మన జి.ఎల్.పి.-1తో సగానికి పైగా పోలి ఉంది, పైగా ఆ ఎంజైముకు లొంగదు. దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి, ఎక్సెనటైడ్ అనే పేరుతో 2005లో అమెరికాలో షుగర్ మందుగా అనుమతించారు. రోజుకు రెండు ఇంజెక్షన్లు.

"బరువు తగ్గే ఇంజెక్షన్ అంటే బల్లి విషం" అని తిరిగే మాటకు మూలం ఇదే. బల్లి నుంచి వచ్చింది నమూనా మాత్రమే. పైగా తర్వాత వచ్చిన లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ బల్లి నమూనా కూడా కాదు. డెన్మార్క్‌లోని నోవో నార్డిస్క్ కంపెనీలో లోటె బ్యెర్రె క్నుడ్సెన్ బృందం మనిషి హార్మోనుకే ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించింది. అది రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి త్వరగా నశించదు. సెమాగ్లుటైడ్ మన హార్మోనుతో 94 శాతం పోలి ఉంటుంది. రెండు నిమిషాల లెక్క దానితో సుమారు వారం రోజులైంది.

మరి ఆకలి సంగతి? 1996లో లండన్‌లో స్టీఫెన్ బ్లూమ్ బృందం జి.ఎల్.పి.-1ను ఎలుకల మెదడులోకి ఎక్కించింది. ఎలుకలు తిండి బాగా తగ్గించాయి. 1998లో డెన్మార్క్‌లో మనుషుల రక్తంలోకి ఎక్కించి చూస్తే వాళ్ళకూ కడుపు నిండిన భావన పెరిగింది, తినడం తగ్గింది. ఈ హార్మోనును అందుకునే గ్రాహకాలు మెదడులో, ఆకలిని నడిపే భాగాల్లోనే ఉన్నాయి. షుగర్ కోసం వెతికిన తాళంచెవి ఆకలి గదిని కూడా తెరిచింది.

బరువు తగ్గించే మందులను అనుమానించడంలో తప్పు లేదు. 1930ల్లో డైనైట్రోఫినాల్ అమ్మారు. కళ్ళకు శుక్లాలు తెచ్చింది, కొందరి ప్రాణాలు తీసింది. 1997లో అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్‌ను గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని వెనక్కి తీసుకున్నారు. ఐరోపాలో రిమోనబాంట్‌ను 2008లో మానసిక సమస్యల వల్ల ఆపేశారు. సిబుట్రమిన్ 2010లో పోయింది. ఇంత పాత చరిత్ర ఉన్న ఖాతాలో కొత్త పద్దు రాసేముందు గట్టి ఆధారం అడగాల్సిందే.

ఆ ఆధారం 2021లో వచ్చింది. షుగర్ లేని, అధిక బరువున్న 1,961 మందిపై 68 వారాల పరీక్ష. కొందరికి సెమాగ్లుటైడ్, కొందరికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. మందు తీసుకున్నవాళ్ళు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళు 2.4 శాతం.

ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ రెండో గుంపును ఊరికే వదిలెయ్యలేదు. వాళ్ళకూ రోజుకు 500 క్యాలరీలు తగ్గించి తినమనీ, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చెయ్యమనీ సలహాలిచ్చారు, క్రమం తప్పకుండా మాట్లాడి ప్రోత్సహించారు. అంటే నేను తమ్ముడికి 18 ఏళ్ళు ఇచ్చిన సలహాయే, నాకంటే మర్యాదగా, నాకంటే పద్ధతిగా. ఫలితం 2.4 శాతం. సలహా అందరికీ ఒకటే. తేడా ఎక్కడుంది? రక్తంలో ఉన్న ఒక అణువులో ఉంది. శీలానికి ఇంజెక్షన్ ఉండదు కదా!

జమ రాశాక ఖర్చు కూడా రాయాలి. షుగర్ ఉన్నవాళ్ళు తక్కువ తగ్గుతారు: వాళ్ళపై అదే మోతాదుతో చేసిన పరీక్షలో 9.6 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 3.4 శాతం. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలు. పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవాళ్ళు వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మందు ఆపిన ఏడాదిలోపు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని అదే పరీక్ష కొనసాగింపు చెప్పింది. ఇది ఓటమి అని కొందరంటారు. బీ.పీ. మాత్ర ఆపితే బీ.పీ. పెరగడం ఆ మాత్ర ఓటమా?

ప్రచారంలో ఇంకో కిటుకుంది. 2023లో ప్రచురించిన పరీక్షలో, గుండెజబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేని 17,604 మందిలో సెమాగ్లుటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు 20 శాతం తగ్గాయన్నారు. నిజమే. అసలు అంకెలు చూస్తే, వంద మందిలో ఎనిమిది మందికి రావలసింది ఆరున్నర మందికి వచ్చింది. రెండు లెక్కలూ సరైనవే. కానీ ప్రకటనల వాళ్ళు మొదటిదే చెబుతారు. రెండోది మనం అడగాలి.

ఇక చూర్ణాల వాళ్ళు. "మా పొడిలో సహజమైన జి.ఎల్.పి.-1 శక్తి ఉంది" అంటున్నారు. పీచు, మాంసకృత్తులు తింటే మన పేగు ఈ హార్మోనును వదిలే మాట నిజమే. పప్పన్నం తిన్నా వదులుతుంది. కానీ అది నిమిషాల్లో నశిస్తుంది. మందు వారం ఉంటుంది. సెమాగ్లుటైడ్‌ను మాత్రగా ఇవ్వడానికే శోషణ కోసం ప్రత్యేక రసాయనం కలపాల్సి వచ్చింది. పరగడుపున కొద్ది నీళ్ళతో వేసుకుని అరగంట ఆగినా, రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు లోపే. చూర్ణం అమ్మేవారిని ఒకటే అడగండి: ఉత్తుత్తి పొడితో పోల్చి చూసిన పరీక్ష ఎక్కడ?

ఈ మందు అందరూ వాడాలని నేను చెప్పడం లేదు. అది డాక్టరు, రోగి కలిసి తేల్చుకోవలసిన విషయం. ఖరీదు సంగతి సరేసరి. నడక, మితాహారం వ్యర్థమనీ చెప్పడం లేదు. వాటి మేలు వాటిదే. నేను చెప్పేది ఒక్కటే. ఆకలి గట్టిగా వేసేవాడికీ, నాలాగా మెత్తగా వేసేవాడికీ "నోరు కట్టుకోవడం" ఒకే బరువు కాదు. నేను ఎత్తని బరువును ఎత్తినట్టు ఇన్నేళ్ళూ నా ఖాతాలో జమ రాసుకున్నాను. తమ్ముడు నిజంగా మోసినదాన్ని వాడి ఖాతాలో అప్పుగా రాశాను. తప్పుడు పద్దు అది.

తప్పుడు పద్దును కొట్టేసి సరైనది రాయడం మా వృత్తిలో సిగ్గుపడాల్సిన పని కాదు. మొన్న ఆదివారం వాడి ఇంటికి వెళ్ళి ఆ ప్రశ్నకు జవాబు చెప్పి వచ్చాను: "అవునురా, నేను పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉన్నాను. అందులో నా గొప్పేమీ లేదు."