నత్తి: పెద్దల మెదడు, ధ్వనిగ్రహణం

నత్తి ఉన్న పెద్దల్లో అత్యధికులకు మామూలు వినికిడి పరీక్షల్లో లోపమేమీ కనపడదు. అయినా పరిశోధన చాలాకాలంగా వారు తమ గొంతును తాము వినే తీరు చుట్టూ తిరుగుతోంది. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి వచ్చే నత్తి చాలామందిలో దానంతటదే పోతుంది. పెద్దల్లో 1 శాతం మందికి మిగులుతుందని అంచనా. వారిలో మగవారు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ.

1920ల చివర అమెరికాలోని అయోవాలో పరిశోధకులు ఆర్టన్, ట్రావిస్ మెదడు అర్ధగోళాల్లో ఏదీ పైచేయి కాకపోవడమే నత్తికి మూలమన్నారు. ఎడమచేతివాటం మాన్పిస్తే నత్తి వస్తుందన్న భయానికి ఇది ఊతమైంది. చేతివాటంతో ముడిపెట్టిన ఆ భాగం తర్వాత నిలవలేదు. 1950లో బెర్నార్డ్ లీ, తన మాట తన చెవికి క్షణంలో కొంత భాగం ఆలస్యంగా చేరితే మామూలు వక్త కూడా తడబడతాడని చూపాడు. నత్తి ఉన్నవారిలో చాలామందికి అదే ఆలస్యం మేలు చేయడం విచిత్రం. 1956లో చెర్రీ, సేయర్స్ నత్తి ఉన్నవారికి తమ గొంతు వినపడనంత హోరులోనూ, మరొకరితో కలిసి చదివేటప్పుడూ నత్తి బాగా తగ్గుతుందని నమోదు చేశారు. బళ్లో అందరితో కలిసి ఎక్కాలు వల్లించేటప్పుడు తడబడని పిల్లవాడు ఒంటరిగా లేచి నిలబడితే ఆగిపోవడం ఈ కోవలోదే.

1996లో ఫాక్స్ బృందం పెట్ స్కాన్‌తో, నత్తి వచ్చే వేళ కుడివైపు చలన ప్రాంతాలు అతిగా పనిచేయడం, ఎడమ శ్రవణ ప్రాంతం మందగించడం గమనించింది. కలిసి చదివినప్పుడు ఈ తేడాలు చాలావరకు తగ్గాయి. 2005లో బ్రౌన్ బృందం అంతకుముందరి అధ్యయనాలను కలిపి చూసి దాదాపు ఇదే చెప్పింది. కుడివైపు అతిచురుకు కారణమా, సర్దుబాటా అన్నది తేలలేదు. 2003లో ప్రైబిష్ బృందం నత్తి తీవ్రత తక్కువగా ఉన్నవారిలోనే కుడి ముందుభాగం ఎక్కువ పనిచేస్తోందని చెప్పింది. 2018లో నేఫ్ బృందం కుడివైపు నాడీమార్గాల బలం తీవ్రతతోపాటు పెరుగుతోందని చూపి, మాటను ఆపే యంత్రాంగం అతిగా పనిచేస్తోందని ప్రతిపాదించింది. పెద్దల వరకు సర్దుబాటు వాదమే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

మాట్లాడేటప్పుడు మెదడు తన గొంతుకు తాను ఇచ్చే స్పందనను అణచుకుంటుంది. 2010లో బీల్ బృందం మెదడు అయస్కాంత సంకేతాలను పట్టే ఎంఈజీతో కొలిచినప్పుడు ఆ అణచివేత పరిమాణంలో నత్తి ఉన్నవారికీ ఇతరులకూ తేడా కనపడలేదు. తేడా స్పందన సమయాల్లో తేలింది. మాటకు సిద్ధమయ్యే క్షణాల్లోనే శ్రవణ వ్యవస్థను సవరించుకోవడం నత్తి ఉన్నవారిలో తక్కువని 2015లో డలిరి, మాక్స్ నివేదించారు. పలుకుతుండగా అచ్చు ధ్వనిని యంత్రంతో కొద్దిగా మార్చి వినిపిస్తే వీరి దిద్దుబాటు ఇతరుల దిద్దుబాటులో దాదాపు సగమేనని 2012లో కాయ్ బృందం చెప్పింది. మూడింటినీ కలిపి చూస్తే లోపం చెవిలో కాక, రాబోయే ధ్వనిని ముందే ఊహించి పోల్చుకోవడంలో ఉండవచ్చు. అయితే ఈ ప్రయోగాలు చిన్న బృందాలపై జరిగినవి.

నిర్మాణపరంగా, ఎడమ మెదడులో మాట కదలికల ప్రాంతం కింది నాడీతంతువుల అల్లిక సడలి ఉంటుందని 2002లో సోమర్ బృందం చూపింది. 2010లో కాంగ్, డ్రేనా పాకిస్థానీ కుటుంబాల ఆధారంగా కొన్ని జన్యుమార్పులను గుర్తించారు. అవి కొద్దిమంది విషయంలోనే వర్తిస్తాయి.

భారతదేశంలో ఈ రంగానికి ప్రధాన కేంద్రం మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. దాని స్థాపనను 1965గానూ, స్వయంప్రతిపత్తి వచ్చిన 1966గానూ చెబుతారు. తెలుగువారికి దగ్గరలో సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్షరాలను సాగదీసి నెమ్మదిగా పలికించడం ఈ రంగంలో పాత చికిత్స. అటువంటి శిక్షణ తర్వాత ఎడమవైపు చురుకు పెరిగినట్టు 2003లో నాయిమన్ బృందం జర్మనీలో గమనించింది.