హైదరాబాద్ చిన్న పత్రికలు

పెద్ద దినపత్రికల సంస్థలతోగానీ ప్రభుత్వ శాఖలతోగానీ సంబంధం లేకుండా, వ్యక్తులో మిత్రబృందాలో సంఘాలో చందాలతో, చేతి డబ్బుతో హైదరాబాద్, సికిందరాబాద్ జంటనగరాల నుంచి నడిపిన సాహిత్య, సాంస్కృతిక పత్రికలను స్థూలంగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఇవి ప్రధానంగా తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో వెలువడ్డాయి. పత్రికా చరిత్రలు చాలావరకు ఏ భాషకు ఆ భాషగా రాసినవే. అందువల్ల నాలుగు వీధుల దూరంలో ఒకే కాలంలో నడిచిన పత్రికలు కూడా ఒకదానికొకటి తెలియనట్టు వేర్వేరు పుస్తకాల్లో కనిపిస్తాయి. ఊరిని ఆధారంగా పెట్టుకుని చూస్తే బొమ్మ కొంత మారుతుంది.

నిజాం కాలం

1901లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం నగరంలో తెలుగు పాఠకులను ఒకచోట చేర్చింది. పత్రికల విషయంలో మాత్రం జిల్లాలే ముందున్నాయి. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ని, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ను తెచ్చారు. నగరంలో చెప్పుకోదగ్గ తొలి ప్రయత్నం సురవరం ప్రతాపరెడ్డి నడిపిన ‘గోలకొండ పత్రిక’. ఇది మొదలైన తేదీపై ఏకాభిప్రాయం లేదు. 1925 అని రాసినవారున్నారు, 1926 మే 10 అని రాసినవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. విరాళాలు, అచ్చుయంత్రం, అనుమతి వంటి సన్నాహాలు ముందు ఏడాదికి చెంది ఉండవచ్చు గనుక తొలి సంచిక తేదీగా 1926ను తీసుకోవడమే సబబనిపిస్తుంది. తర్వాతి కాలంలో దినపత్రికగా మారినా, తొలి దశలో అది వార్తలకంటే వాదాలకూ సాహిత్యానికీ వేదిక. 1927లో వచ్చిన ‘సుజాత’ మాసపత్రికలోనూ సురవరం రచనలు కనిపిస్తాయి. ఆ పేరును 1950 ప్రాంతంలో గడియారం రామకృష్ణశర్మ మళ్లీ నిలబెట్టారు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ గురించి విడిగా చెప్పాలి. ఆ మాట అన్నది ముడుంబై వెంకటరాఘవాచార్యులని చెబుతారు. అన్న సందర్భాన్ని మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. 354 మంది కవుల వివరాలు, పద్యాలు ఒకచోటికి చేరాయన్నది ముఖ్యం. పత్రికకు ఊరూరా చందాదారులు లేకపోతే ఇన్ని చిరునామాలు దొరికేవి కావు. సంచికను ఒక వ్యక్తి పట్టుదలకు నిదర్శనంగా మాత్రమే చూసే అలవాటు మనకుంది. దాన్ని ఒక తపాలా జాబితా సాధించిన పనిగా కూడా చూడవచ్చు.

ఇదే కాలానికి చెందిన ‘భాగ్యనగర్’ పత్రికకు చరిత్రల్లో చాలాకాలం దక్కిన చోటు రెండు మూడు వాక్యాలే. ఆదిహిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ దీన్ని 1931లో ప్రారంభించారు. తర్వాత అది ‘ఆదిహిందూ’ పేరుతో వచ్చింది. వర్మ రాసిన ‘వెట్టి మాదిగ’ ఇందులోనే అచ్చయింది. దాన్ని కథ అన్నవారూ నవల అన్నవారూ ఉన్నారు. తెలుగులో దళితుడు రాసిన తొలి కథగా దాన్ని గుర్తించాలన్న వాదన తర్వాతి పరిశోధనల్లో బలపడింది. ‘తొలి’ అన్న కిరీటాన్ని పాత సంచిక మరొకటి దొరికేదాకా తాత్కాలికంగానే ఉంచడం మంచిది. రచన ప్రాధాన్యం దానివల్ల తగ్గదు.

ఉర్దూ వైపు, మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ చొరవతో ఏర్పడిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ 1938 నుంచి ‘సబ్‌రస్’ మాసపత్రికను ప్రచురించింది. దక్కనీ భాషా సాహిత్యాలకు సంబంధించి దీని పాత సంచికలు ఇప్పటికీ మూలాధారాలే. అడివి బాపిరాజు సంపాదకుడిగా పనిచేసిన తెలుగు ‘మీజాన్’ దినపత్రిక కావడంతో ఈ వ్యాసం పరిధిలోకి రాదు. షోయబుల్లాఖాన్ నడిపిన ‘ఇమ్రోజ్’ కూడా దినపత్రికే. కానీ పరిమాణంలోనూ ఒంటరితనంలోనూ చిన్న పత్రికే గనుక దాన్ని వదిలేయడం న్యాయం కాదు. సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయనను చంపేశారు. 21వ తేదీ అనీ 22వ తేదీ అనీ రెండు విధాలుగా కనిపించడానికి దాడి రాత్రివేళ జరగడమే కారణం కావచ్చు.

ఓరియంట్ హోటల్, కల్పన, సబా

సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాతి రెండు దశాబ్దాల సాంస్కృతిక వాతావరణం గురించి రాసినవారంతా ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌ను తలుస్తారు. ఇప్పుడది లేదు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ చుట్టూ కవులు, విలేకరులు, చిత్రకారులు చేరే చోటు అది. ఆ బృందంలోని సులేమాన్ అరీబ్ ‘సబా’ అనే ఉర్దూ పత్రికను నడిపారు. అభ్యుదయ, ఆధునిక ధోరణులు రెండింటికీ ఆయన తలుపు తెరిచే ఉంచారంటారు.

1949లో బద్రీవిశాల్ పిత్తీ స్థాపించిన ‘కల్పన’ది మరో దారి. హైదరాబాద్‌లో అచ్చయి ఉత్తరాది హిందీ రచయితలంతా ఎదురుచూసే పత్రికగా నిలబడడం మామూలు విషయం కాదు. పిత్తీ కుటుంబం సంపన్నమైనది, ఆయన రాజకీయాలు లోహియా సోషలిజం. ఉస్మానియా ఆచార్యుడు ఆర్యేంద్ర శర్మ సంపాదకవర్గంలో ఉండగా, కళల విషయాలు జగదీశ్ మిత్తల్ చూశారు. ఎం.ఎఫ్. హుసేన్ దీనికి ముఖచిత్రాలు వేశారు. లోహియా సూచనతో మొదలైన హుసేన్ రామాయణ చిత్రాలకు ఆశ్రయమిచ్చింది కూడా పిత్తీయే. తెలుగు సాహిత్య చరిత్రల్లో ‘కల్పన’ ఊసు దాదాపు కనిపించదు. నగరం చరిత్ర రాసేవారు చేసిన అతి పెద్ద ఉపేక్ష ఇదేనని చెప్పవచ్చు.

ముస్తఫా కమాల్ సంపాదకత్వంలో 1968లో మొదలైన హాస్య మాసపత్రిక ‘షగూఫా’ను మొజంజాహి మార్కెట్ దగ్గరి గది నుంచి దశాబ్దాలపాటు నడిపారు. హాస్య రచయితల సంస్థ జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ సభల్లో చదివిన రచనలు ఇందులో అచ్చయ్యేవి. ఇంతకాలం నిలిచిన చిన్న పత్రికలు ఏ భాషలోనూ ఎక్కువ లేవు.

1965 తర్వాత

దిగంబర కవుల తొలి సంపుటిని 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాద్‌లో రిక్షా తొక్కే నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. తర్వాతి సంపుటాలు విజయవాడలో, విశాఖపట్నంలో వెలువడ్డాయి. ఇవి పత్రికలు కావు. కానీ సొంతంగా అచ్చు వేసుకుని సొంతంగా పంచుకునే పద్ధతిని తర్వాతి పత్రికలకు అలవాటు చేసినవి ఇవే. 1966లో వరంగల్ నుంచి మొదలైన ‘సృజన’ ప్రభావం నగరంపై గట్టిగానే పడింది. 1970 జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఉర్దూ ఇంటిభాషగా పెరిగిన ఎం.టి. ఖాన్ ‘పిలుపు’ అనే తెలుగు పత్రికకు సంపాదకుడు కావడం ఈ నగరంలోనే సాధ్యమనిపిస్తుంది.

1980ల నుంచి రాజకీయ వాదాలు కొత్త పత్రికలను పుట్టించాయి. 1989లో మొదలై కొన్నేళ్లు నడిచిన ‘నలుపు’కు బొజ్జా తారకం సంపాదకత్వం వహించారు. చుండూరులో దళితుల ఊచకోత తర్వాతి దళిత చర్చను అర్థం చేసుకోవడానికి దాని సంచికలు తప్పనిసరి. 1993లో వచ్చిన ‘భూమిక’ స్త్రీవాద పత్రికగా కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో కొనసాగింది. ఆలపాటి రవీంద్రనాథ్ 1990లో మొదలుపెట్టిన ‘మిసిమి’ది వాదాలకు ఎడంగా నిలిచిన ఆలోచనా ధోరణి. చిత్రకళ, తత్వం, చరిత్రలకు అది ఇచ్చినన్ని పేజీలు మరో తెలుగు మాసపత్రిక ఇవ్వలేదు. శాయి నడిపిన ‘రచన’ కథలకు పేరుపడింది. ఇంగ్లీషులో వచ్చిన నగర పత్రికలు ఎక్కువగా హోటళ్లు, ప్రదర్శనల సమాచారానికి పరిమితమైనవి.

నడిచిన తీరు

అక్షరాలను చేత్తో కూర్చిన రోజుల్లో ఒక చిన్న పత్రిక ఎన్ని పేజీలుండాలో ఫారాల లెక్కే నిర్ణయించేది. పదహారు పేజీలు ఒక ఫారం. చేతిలో డబ్బు రెండు ఫారాలకే ఉంటే మూడోదానికి సరిపడే వ్యాసం వచ్చే నెలకు వాయిదా. టైపు చాలక, మొదటి ఫారం అచ్చయి అక్షరాలు విప్పి గళ్లలో వేశాకగానీ రెండోది కూర్చేవారు కాదు. అందుకే ఒకే సంచికలో మొదటి పేజీలకూ చివరి పేజీలకూ మధ్య వారాల ఎడం ఉండేది. అట్ట మీది తేదీని నమ్మి కాలనిర్ణయం చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. డీటీపీ వచ్చాక ఈ ఇబ్బంది పోయింది, కాగితం ఖర్చు పోలేదు.

పోస్టల్ రాయితీ కావాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఇష్టంలేనివారు, దొరకనివారు ‘బులెటిన్’, ‘సంకలనం’, ‘ప్రైవేటు పంపిణీకి మాత్రమే’ అన్న మాటల చాటున అచ్చు వేశారు. వీటికి సంచిక సంఖ్యలు కూడా సరిగా ఉండవు. రిజిస్టరైన పత్రికలకు మాత్రం పరిశోధకుడికి పనికొచ్చే ఆధారం ఒకటుంది. ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ ప్రకటన వేయడం తప్పనిసరి. యజమాని, ప్రచురణకర్త, ముద్రాపకుడు ఎవరో అందులో ఉంటుంది. జ్ఞాపకాల్లో సంపాదకుడిగా ఒకరి పేరు, ఫారం 4లో భార్య పేరో తమ్ముడి పేరో కనిపించడం తరచు జరిగేదే. సంపాదకుడు ప్రభుత్వోద్యోగి అయిన సందర్భాల్లో ఇది ఎక్కువ.

అమ్మకాలకు ఆధారం జీవిత చందాలు, సభల దగ్గర పరిచిన బల్లలు, కాచిగూడ నవోదయ, ఆబిడ్స్ విశాలాంధ్ర వంటి పుస్తకాల దుకాణాలు. జీవిత చందా కట్టినవారు పత్రికకంటే ఎక్కువకాలం బతికిన ఉదాహరణలే ఎక్కువ. ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల సంతలో విడి సంచికలు ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి.

సంచికల లభ్యత

బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం తెలుగు పత్రికల సేకరణకు ముఖ్యమైనది. అబ్దుస్సమద్ ఖాన్ జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికల సేకరణను షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో అక్కడే ఉంచారు. 2000 ఆగస్టు వరదల్లో కేంద్రంలోకి నీరు చేరి గ్రంథాలయం బాగా దెబ్బతింది. ఉర్దూ సేకరణలో కొంతభాగం తడిసింది. అంతకుముందు తయారైన పట్టికలను ఆధారం చేసుకున్న పాత వ్యాసాల్లో ఉదహరించిన సంచికలు ఇప్పుడు అక్కడ ఉన్నాయో లేదో సరిచూసుకున్నాకే వాడుకోవాలి. ‘గోలకొండ’ వంటి పాత తెలుగు పత్రికల్లో కొన్నింటిని ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. పేజీలు చిరిగినవి, కొన్ని నెలలు లేనివి అందులోనూ ఉన్నాయి.