పారిసు సంధిపత్రమున మన తీరము

1763వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీని పారిసు నగరమున వ్రాయఁబడిన సంధిపత్రమునందలి పదునొకండవ ప్రకరణమును మన పండితులు చదువుట యరుదు. 1749వ సంవత్సరారంభము మొదలు కోరమాండలు తీరమునను ఒరిస్సా తీరమునను తాను గడించిన భూములపై హక్కును ఫ్రెంచిరాజు విడిచికొన్నట్లు అందుఁ గలదు. 1753లో సలాబతుజంగు బుస్సీకి నొసఁగిన నాలుగు సర్కారులలో శ్రీకాకుళపు సర్కారొకటి. మహేంద్రగిరి చెంతనున్న మన మందస యందు చేరినదే. కావున మందసవా రెవ్వరును చూడని యొక నగరమున, వారి నడుగకయే, వారి యేలుబడి నిర్ణయింపఁబడినది.

బొబ్బిలి యుద్ధమును వెలమలకును పూసపాటివారికిని గల పగగానే మనవారు చెప్పుకొందురు. అది యసత్యము గాదు, కాని చాలదు. యూరోపున సప్తవర్ష సంగ్రామము 1756లో నారంభమైనది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట బుస్సీ ఫిరంగులకుఁ గూలెను. కొలఁది దినములకే తాండ్ర పాపారాయఁడు విజయరామరాజును శిబిరమున వధించెను. తరువాత గద్దె నెక్కిన యానందరాజు ఫ్రెంచివారి వలన నసంతుష్టుఁడై, విశాఖపట్టణమును వారి నుండి పట్టి యింగ్లీషువారి కిచ్చి, వారి సేనను రప్పించెను. క్లైవు వంగదేశము నుండి ఫోర్డును పంపెను. లాలీ యప్పటికే బుస్సీని దక్షిణమునకుఁ బిలిపించుకొని యుండెను. 1758 డిసెంబరులో చందుర్తికడ కాన్‌ఫ్లాన్సు ఓడెను. మఱుసటి యేఁడు ఏప్రిలులో మచిలీపట్టణము పడెను. ఇంటిపోరు లోకపుఁబోరులోఁ గలియుట కింతకంటె స్పష్టమైన నిదర్శనము మన చరిత్రలో నాకుఁ గానరాదు. (బొబ్బిలి కథలో బుస్సీ ‘మూసాబూసీ’ యైనాఁడు. ‘మొస్యూ’ యను గౌరవవాచకమును మనవారు నామమునందే చేర్చిరి.)

సంధికర్తల యెఱుక యెట్టిదో చూడుఁడు. సలాబతుజంగే దక్కను సుబేదారని యుభయులును అంగీకరించిరి. అతఁడో, 1762లోనే తమ్ముఁడు నిజాము అలీచేఁ బదభ్రష్టుఁడై చెఱలో నుండెను! పిమ్మట నింగ్లీషువారు 1765లో ఢిల్లీ ఫర్మానాను, 1766లో నిజాము అలీతో నొడంబడికను సంపాదించి సర్కారులను జేకొనిరి.

అదే ప్రకరణము 1749కి ముందున్న కోఠీలను ఫ్రెంచివారికి మరల నిచ్చినది. యానాము వారికి దక్కుట దానివలననే. తరువాతి యుద్ధములలో నింగ్లీషువారు దానిని పట్టుకొనుట, సంధి కాఁగానే విడుచుట జరుగుచు వచ్చెను. 1904లో నారెండు రాజ్యములును మైత్రి నొనర్చికొనినను ఆ గీఁత చెరగలేదు. శారదా చట్టము 1930లో నమలునకు రాఁగా, గోదావరీ ప్రాంతపు గృహస్థులు బాల్యవివాహములకై యానామునకుఁ బరువెత్తిరి. ఇంగ్లీషు శాసన మచ్చట చెల్లదు గదా! శాస్త్రము పేరు చెప్పి యచటికిఁ బోయినవారికి, తమకు నీడ యిచ్చినది ధర్మశాస్త్రము గాక పారిసు పత్రమని తోఁచియుండదు.

ఇంగ్లీషువారు వెడలిపోయినపిదప నీ లెక్క స్వతంత్ర భారతమునకును ఫ్రాన్సునకును నడుమ మిగిలెను. మచిలీపట్టణమునందలి ఫ్రెంచివారి చిన్న స్థలము 1947 అక్టోబరు 6న మనకుఁ జేరెను. యానాము 1954లో వచ్చెను. దాని నప్పగించు సంధి 1956లో వ్రాయఁబడి, 1962 ఆగస్టు 16న గాని స్థిరపడలేదు. అది నేఁటికిని ఆంధ్రదేశమునఁ గలియక పుదుచ్చేరి పాలనలోనే యున్నది. మచిలీపట్టణమున పరాసుపేట పేరు నిలిచియున్నది.