జాలరి పల్లవియు చలనచిత్ర సంగీతమును

విశాఖపట్టణపు సముద్రతీరమున నున్న జాలరిపేట పేరు విన్నంతనే యర్థమగునది. సంస్కృతమున ‘జాల’మనఁగా వల, వలతో బ్రదుకువాఁడు జాలరి. అమరసింహుఁడు కైవర్త, దాశ, ధీవర శబ్దములను వీరికి పర్యాయములుగాఁ జెప్పెను. నిఘంటువులందు వీరికి పేళ్లు పెక్కు గలవు. వీరి పాటకు మాత్రము చోటు దొరకలేదు. ఆ పాటలోని పల్లవి నేఁడు వెండితెరమీఁద వినఁబడుచున్నది. అది యచ్చటి కెట్లు చేరినది, చేరినపిదప నేమైనది యనునదియే యిచ్చట విచారణీయము.

తీరమునుండి లాఁగు పెద్దవల యొక్కనిచేత వచ్చునది కాదు. త్రాటికొన నొకదానిని ఒడ్డున నుంచి, పడవవారు వలను అర్ధచంద్రాకారముగ విడుచుచుఁ బోయి రెండవకొనను మరల నొడ్డునకుఁ జేర్తురు. పిమ్మట రెండు జట్లవారు రెండు త్రాళ్లను బట్టి లాఁగుదురు. ఒక్కఁడు ముందుమాట యెత్తుకొనును; తక్కినవారందఱు ‘హైలెస్సా’ యని బదులు పలుకుదురు. ఆ బదులులోని యూనిక పడునప్పుడే చేతులన్నియుఁ గలిసి లాఁగును. ముందుమాట సాగునంతసేపు రొమ్ము లూపిరి తీసికొనును. కావున నిచ్చట తాళము వినువారి కొఱకు గాదు. పదిమంది బలము నొక్కటి చేయుటకు.

ఈ పల్లవికి నర్థము లేదు, ప్రయోజనము గలదు. సామగానమునందు హావు, హోయి మున్నగు స్తోభాక్షరములు నిరర్థకములయ్యు గానమున కంగములగుట పండితు లెఱిఁగినదే. అర్థము లేదని జాలరిపల్లవిని ద్రోసివేయువారు స్తోభములనుగూడ ద్రోసివేయవలసివచ్చును.

ఇఁక చలనచిత్రము. కథ నడుమ పాట లేల యని యాక్షేపించువారు పలువురు గలరు. ఈ యాక్షేపమునకు సమాధానము భరతునియొద్దనే యున్నది. నాట్యశాస్త్రమునందలి ధ్రువాధ్యాయమున నాటకములోఁ బాడఁదగిన ధ్రువలు ఐదు విధములుగా విభజింపఁబడినవి. పాత్రము రంగము చొచ్చునప్పుడు పాడునది ప్రావేశికి, నిష్క్రమించునప్పటిది నైష్క్రామికి, నడచుచున్న లయను భంగించి వేఱొక భావమును దెచ్చునది ఆక్షేపికి, కలఁగిన ప్రేక్షకుల మనస్సును దేర్చునది ప్రాసాదికి, నటుఁడు తొట్రుపడినప్పుడును, ప్రయోగమున నెడము కలిగినప్పుడును ఆ కొఱతను గప్పునది ఆంతర. కథానాయకుఁడు తెరపైఁ గానవచ్చునపుడు నేఁడు మ్రోఁగు పాట ప్రావేశికియే కాక వేఱొకటి కాదు. మాటలు లేని ఘట్టమున వెనుకనుండి వినవచ్చు వాద్యధ్వని పెక్కుచోట్ల ఆంతరయో ప్రాసాదికియో యగును.

కానరాని కంఠము కథను నడపుటయు నూతనము గాదు. శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట తెరవెనుకనుండి వినవచ్చును. ఆమె రంగమునకు రాదు. ఆ పాట విన్న దుష్యంతునకుఁ గారణ మెఱుఁగని వ్యాకులత కలుఁగును. శాపముచే మఱచినదానిని ఏ పాత్రయు నోటఁ జెప్పలేని చోట పాట మనసును దాఁకినది. అదే నాటకమున షష్ఠాంకమున నుంగరముతోఁ బట్టువడిన ధీవరుఁడు రంగమునకు వచ్చును, తన వృత్తిని నిందించువారికి బదులు చెప్పును, కాని పాడఁడు. పాటగలది రాజాంతఃపురమునకు, చేఁపగలది ధీవరునకు. ధీవరుని పాట రంగమెక్కుటకుఁ గాలము పట్టినది.

తెలుఁగు టాకీకి మొదట నాటకమే పుట్టినిల్లు. 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ సురభివారు ప్రదర్శించుచుండిన నాటకమునుండి వచ్చినది. అందు నటుఁడే గాయకుఁడు. 1933లో విశాఖపట్టణపు రేవు తెఱవఁబడెను. కొలఁది యేఁడులకే యా పట్టణమున ఆంధ్ర సినీటోను వెలసి, 1938లో హీరేన్ బోసు దర్శకత్వమున ‘భక్త జయదేవ’ను వెలువరించెను. కెరటముల మ్రోఁత వినవచ్చు నూర నిర్మింపఁబడిన చిత్రమునకు గీతగోవిందకర్త చరిత్ర యితివృత్తమైనది. ఆ కావ్యమునందలి యిరువదినాలుగు అష్టపదులును రాగతాళములతోఁ బాడఁదగినవి. గానమునకుఁ దగిన కథ యనుటలో సందియము లేదు. 1939లో ‘మళ్ళీ పెళ్ళి’యందు నాయకుఁడు వై. వి. రావునకు ఓగిరాల రామచంద్రరావు కంఠ మిచ్చెను. నాఁటినుండి పాడువాఁడును నటించువాఁడును వేఱగుట సాధ్యమైనది. హంసపదిక మరల తెరవెనుకకుఁ జేరినది. 1961లో జయదేవుని కథ మరల చిత్రమైనప్పుడు, సాలూరు సమీపమునఁ బుట్టిన రాజేశ్వరరావు సంగీతము గూర్చఁగా, విజయనగరమున సంగీత మభ్యసించిన ఘంటసాల పాడెను.

పనిపాట తెరకెక్కిన తీరునకు 1955 నాఁటి ‘రోజులు మారాయి’లోని ఏరువాక పాట ప్రసిద్ధమైన సాక్ష్యము. కొసరాజు రచన, మాస్టర్ వేణు సంగీతము, జిక్కి కంఠము. దాని వరుస తెలుఁగుమాటను విడిచి 1960లో హిందీచిత్ర మొకదానిలోఁ బ్రవేశించెను. పొలమును విడిచిన పాట భాషనుగూడ విడిచి తిరుగఁగలదని దీనిచేఁ దెలియుచున్నది.

జాలరిపల్లవి గతియు నట్టిదే. 2018లో గుజరాతు తీరమున వేఁటకుఁ బోయి పాకిస్తానువారికిఁ జిక్కి, 2020లో విడుదలైన శ్రీకాకుళపు మత్స్యకారుల వృత్తాంతము నాధారముగఁ గొని 2025లో ‘తండేల్’ చిత్రము వెలువడెను. తండేలనఁగా పడవజట్టునకు నాయకుఁడు. దేవిశ్రీప్రసాదు సంగీతమున నందలి యొక గీతమునకు హైలెస్సా పలుకే పల్లవి యైనది. కాని యది వల లాఁగుటకుఁ గాక, దూరమైన నాయికానాయకుల తలపునకుఁ జేరినది. భరతుని మతమున నిది దోషము గాదు; రసాంతరమును దెచ్చు పల్లవికి రంగమున నధికారము గలదు. కడలి యెడబాటునకుఁ గడలివారి పలుకే తగును గదా.

అయినను మాఱినదేమో గుర్తింపవలెను. ఒడ్డున పాడునప్పుడు పల్లవికిని పల్లవికిని నడుమ నెడము సమముగ నుండదు. వల బరువైనచో నెడము పెరుఁగును; వల తేలికయైనచోఁ దఱుఁగును. ఆ యెడము నిర్ణయించునది సముద్రము. చిత్రగీతమున దానిని నిర్ణయించునది వాద్యము. కావున నెడములన్నియు సమములు. ముందుమాటయు నొడ్డున నప్పటికప్పుడు పుట్టును. చిత్రమున నది యొక కవి రచనయై స్థిరపడును. పాట నిలిచినది, పాటను బుట్టించిన బరువు నిలువలేదు.

ఇది చిత్రకారుల తప్పు గాదు. ఇంజను పడవమీఁద పల్లవి యెత్తుకొను నవసరము తక్కువ. పెద్దవల లాఁగుట తఱిఁగినకొలఁది ఆ పల్లవికి చిత్రగీతమే ఆశ్రయమగును. రాఁబోవు తరమున జాలరిపేట బాలుఁడు తన తాత పలుకును తెరవలన నేర్చుకొనవచ్చును. అట్లు నేర్చుట మేలే. కాని తాళపత్రములకై యూరూరఁ దిరిగిన పండితలోకము, పత్ర మెక్కని యీ పాటకై యొక్క ఉదయమైన నొడ్డున నిలువఁదగదా? పలుకులను మాత్రము వ్రాసికొనిన చాలదు. రెండు పలుకుల నడుమ త్రాడెంత లాఁగఁబడెనో, ఊపిరి యెంతసేపు నిలిచెనో వానినిఁ గూడ గుర్తింపవలెను. చిత్రగీతము నిలుపలేనిది ఆ యెడమును మాత్రమే. పరిశోధకుఁడు నిలుపవలసినదియు నదియే.