మిద్దె మీది చౌడు

జొన్నగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పాత ఇంటి పెరటిలో ఎద్దుల కొట్టము ఒకటి యుండెడిది. రాతిగోడ, అడుసు, కొయ్య దూలములు, పైన మట్టి కప్పు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిన కొలది కొట్టములు పాడుపడినవి. వానిని బాగుచేయబూనినవారు ముందుగా సిమెంటు బస్తా తెచ్చుట కలదు. ఆ కప్పు ఇన్నాళ్లు ఎట్లు నిలిచినదో ముందు తెలిసికొనుట మేలు.

దూలములపై దంతెలు, వానిపై సన్న కట్టెలు, ఆకు, గడ్డి పరచి మట్టి దట్టించెడివారు. అన్నిటికి పైన చౌడు పోసెడివారు. పైరును మొలవనీయని మట్టి యని రైతు తిట్టుకొను చౌడే అతని నెత్తిమీది కప్పైనది! చౌడులో సోడియము హెచ్చు. చాకలివారు బట్టల మురికి వదలించుటకు దానిని వాడినది అందులోని సోడియము కార్బొనేటు కొరకే. బంకమట్టి రేణువులు పలుచని రేకుల వంటివి. కాల్షియము ఈ రేకులను గుత్తులుగా పట్టి యుంచును. గుత్తుల సందులగుండ నీరు దిగును. సోడియమున కా పట్టు లేదు. వాన తగులగానే రేకులు ఉబ్బి, విడిపోయి, సందులను పూడ్చివేయును. పై పొర తడిసినను నీరు లోనికి దిగదు. చౌడు పొలమునకు జిప్సము వేయుట దీనికి సరిగా తలక్రిందుల పని: కాల్షియము వచ్చి సోడియమును తొలగించును, నీరు దిగును.

ఈ మట్టినుండియే ఉప్పరులు నీటితో వడబోసి ఉప్పు తీసెడివారు. ఉప్పు పన్నుకు నష్టమని ఆంగ్ల ప్రభుత్వము ఆ వృత్తి నణచివేసినది. వృత్తి పోయినది, మిద్దె మిగిలినది.

జొన్నగిరికి సమీపమున ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు రెండువేల రెండువందల ఏండ్లకు పైగా నిలిచియున్నవి. రాతికి ఏటేటా పని లేదు, మట్టికి కలదు. ఆఫ్రికాలోని మాలి దేశమున, జెన్నె పట్టణములో 1907లో తిరిగి కట్టిన మట్టి మసీదుకు ఊరివారందరు కూడి ఏటేటా అడుసు పూయుదురు. మన మిద్దెకును అంతే. వాన కొంత చౌడును కడిగివేయును గనుక తొలకరికి ముందే కొత్త చౌడు పరచవలెను.

ప్రమాదము ఇచ్చటనే యున్నది. పాతది గీకివేయక కొత్తది పోయుచు పోయినచో బరువు పెరుగును. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల కొట్టముపై 10 సెంటీమీటర్ల మట్టి యనగా 2.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1,600 కిలోల చొప్పున లెక్కించిన 3,800 కిలోలు దాటును; తడిసినచో ఇంకను హెచ్చు. ముసురు రోజులలో పాత మిద్దె కూలి నిద్రలోనే మరణించినవారి వార్తలు సీమలో నేటికిని వినబడుచున్నవి.

కావున దూలములకు ముందు పోట్లు పెట్టి, తరువాతనే మట్టి దింపవలెను. గోడలో దూరిన దూలపు కొనను మేకుతో పొడిచి చూడవలెను. తేమ, చెదలు మొదట చేరునది అచ్చటనే. గోడకు సిమెంటు పూసినచో లోని తేమ బయటికి పోక అడుసును మెత్తబరచును. సున్నమో మట్టిపూతయో చాలును. పని వేసవిలోనే ముగించి, తొలి వాననాడు లోపల నిలిచి ఆ దూలపు కొనలను మరియొకసారి చూచుకొనవలెను.